వీటోను వీటోతోనే తీయాలి

2023 డిసెంబరు 14న బ్రసెల్స్‌లో ఐరోపా సమాఖ్య నేతలు ఉక్రెయిన్‌ను చేర్చుకునే చర్చలకు పచ్చజెండా ఊపారు. ఆ క్షణంలో అప్పటి హంగరీ ప్రధాని విక్టర్ ఆర్బాన్ గదిలో లేరు. అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ సూచన మేరకు లేచి బయటికి వెళ్లారు. వద్దన్నవాడు కాసేపు పక్కకు తప్పుకుంటే తప్ప అడుగు వేయలేని కూటమి రష్యాకు ఎదురు నిలుస్తానంటే నమ్మేదెవరు? అదే రాత్రి ఉక్రెయిన్‌కు ఇవ్వాల్సిన 5,000 కోట్ల యూరోల సాయానికి ఆయనే అడ్డుపడ్డారు. అంతకు ముందురోజే హంగరీకి నిలిపివేసిన నిధుల్లో వెయ్యి కోట్ల యూరోలకు పైగా సమాఖ్య కార్యనిర్వాహక విభాగమైన ఐరోపా కమిషన్ విడుదల చేసింది. న్యాయవ్యవస్థను సంస్కరించినందుకట!

ఆర్బాన్‌ను తిట్టి చేతులు దులుపుకుంటే లాభం లేదు. తప్పు నిబంధనది. విదేశాంగ విధానంలోనూ, కొత్త సభ్యుల చేరికలోనూ 27 దేశాలూ ఒప్పుకోవాలి; ఒక్కటి కాదన్నా ఆగిపోతుంది, అదే వీటో. ఉత్తర మాసిడోనియా 2005 నుంచి అభ్యర్థి దేశమే. గ్రీసు అభ్యంతరం తీర్చడానికి 2019లో ఏకంగా దేశం పేరే మార్చుకుంది. మరుసటి ఏడాదే బల్గేరియా చరిత్ర, భాషల తగాదా తీసి మళ్లీ తలుపు మూసింది.

వీటో పోతే పెద్ద దేశాలు మింగేస్తాయని చిన్న దేశాల భయం. కానీ దాని బదులు వచ్చే అర్హత గల మెజారిటీ అంటే 15 దేశాలు, 65 శాతం జనాభా కలిసి రావాలి; అడ్డుకోవాలన్నా కనీసం నాలుగు దేశాలు కావాలి. జర్మనీ, ఫ్రాన్స్ రెండూ కలిసినా చట్టం చేయలేవు, ఆపనూ లేవు.

అసలు ఈ జబ్బు ఐరోపాకు కొత్త కాదు. పోలండ్ పార్లమెంటు సెయ్‌మ్‌లో ఒకప్పుడు ఏ ఒక్క సభ్యుడు 'ఒప్పుకోను' అన్నా సమావేశం మొత్తం రద్దయ్యేది, అప్పటికే చేసిన తీర్మానాలతో సహా. సైన్యాన్ని నడపడం కంటే ఒక సభ్యుణ్ని కొనడం చవకని పొరుగు రాజ్యాలు ఇట్టే గ్రహించాయి. 1791 రాజ్యాంగంతో ఆ హక్కును తీసేసేసరికి ఆలస్యమైపోయింది. 1795కల్లా పోలండ్ పటంలోనే లేదు. అదే పోలండ్‌లో ఇవాళ వీటోను సార్వభౌమత్వమని కొనియాడే నాయకులున్నారు! ఏకాభిప్రాయాన్ని ప్రజాస్వామ్యానికి పరాకాష్ఠగా పొగిడేవారికి భద్రతా మండలిని చూస్తే చాలు. అందరి అంగీకారం తప్పనిసరైన చోట అధికారం అందరిదీ కాదు, అందరికంటే మొండివాడిది.

కొత్త ఒప్పందం రాయకుండానే విదేశాంగ విధానాన్ని మెజారిటీ ఓటుకు మార్చే వీలు సమాఖ్య నియమాలను నిర్దేశించే లిస్బన్ ఒప్పందంలోనే ఉంది. అయితే దానికీ అందరూ ఒప్పుకోవాలి. 2023లో జర్మనీ, ఫ్రాన్స్ సహా తొమ్మిది దేశాలు ఈ మార్పు కోసం జట్టుకట్టాయి. సంయుక్త ప్రకటనలతో మొండివాడు కరుగుతాడా? 2028లో మొదలయ్యే ఏడేళ్ల బడ్జెట్‌కూ ఏకగ్రీవం తప్పనిసరి. అంటే ఆ తొమ్మిది దేశాలకూ వీటో ఉంది. ఓటింగ్ పద్ధతి మారేదాకా బడ్జెట్ మీద సంతకం పెట్టబోమని వాటిలో ఒక్క దేశమైనా అనాలి.