ప్రయాణికులు కాస్త పక్కకి జరగాలి

రైళ్ళు ప్రయాణికుల కోసం నడుస్తున్నాయన్న అపోహ ఒకటి మన దేశంలో బలంగా పాతుకుపోయింది. టికెట్టు కొన్న ప్రతివాడూ బండి తనదేననుకుంటాడు. కిటికీ పక్కన కూర్చుని పులిహోర పొట్లం విప్పుతూ, తను విజయవాడ వెళ్ళడం కోసమే ముందు ఇంజను అంత అవస్థ పడుతోందని నమ్ముతాడు. ఈ విషయంలో నేను 2007 నుంచీ, అంటే డిజిటల్ కెమెరా కొన్నప్పటినుంచీ, మర్యాదగా విభేదిస్తూ వస్తున్నాను. రైలు నడిచేది ప్లాట్‌ఫారం చివర నిలబడి దాన్ని వీడియో తీసేవాడి కోసం. లోపల కూర్చున్నవాళ్ళ పనల్లా బండి బోసిగా కనిపించకుండా చూడటమే.

నాది ఏడు మెగాపిక్సెళ్ళ కెమెరా. ఫొటోలు తీసుకోమని అమ్మారు, నేను వాటి జోలికి పెద్దగా పోలేదు. దాని నెత్తిన ఒక చక్రం ఉంటుంది. పువ్వు బొమ్మ, కొండ బొమ్మ, పరిగెత్తే మనిషి బొమ్మ దాటించి సినిమా కెమెరా బొమ్మ దగ్గర ఆపితే వీడియో. 640 బై 480 సైజు, సెకనుకి 30 బొమ్మలు, ఒక జీబీ కార్డులో ఎనిమిది నిమిషాలు. రికార్డింగు మొదలయ్యాక జూమ్ పనిచేయదు, లెన్సు మోటారు గొణుగుడు మైకులో పడుతుందని. మైకంటే సూదితో పొడిచినంత కన్నం. అందులో గాలి దూరిందంటే మరమరాల బస్తా దొర్లించినట్టుంటుంది.

"ఇంకా అదేంటి మావయ్యా, ఫోనులో ఇంతకన్నా బాగా వస్తుంది కదా" అంటాడు మేనల్లుడు. వాడు ఫోనుతో తీసిన బండిని చూశాను. బోగీలన్నీ ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. ఆ ఫోను బొమ్మని ఒక్కసారిగా పట్టుకోదు, వరస తర్వాత వరస చదువుకుంటూ పోతుంది. చివరి వరస చదివేలోపు బండి ముందుకి జరిగిపోతుంది. "పడిపోతోందేమిట్రా!" అని మా అమ్మ గుండె పట్టుకుంది. నా కెమెరాకి ఆ జబ్బు లేదు, వేరే జబ్బుంది. చీకట్లో హెడ్‌లైటు ఎదురుపడితే, ఆ వెలుగు మీదుగా బొమ్మ పైనుంచి కిందదాకా తెల్లటి గీత ఒకటి నిలువుగా లేస్తుంది. అలా తీసిన గోదావరి ఎక్స్‌ప్రెస్‌ని టీవీలో పెడితే, ధ్వజస్తంభంతో సహా ఏ స్వామివారో కదిలొస్తున్నారనుకుని అమ్మ దణ్ణం పెట్టుకుంది. ఫోను వీడియోకి ఇంతవరకూ ఎవరైనా దణ్ణం పెట్టారా?

ఆ బండి మాట వచ్చింది కాబట్టి చెప్పక తప్పదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974లో మొదలైంది. విశాఖపట్నంలో సాయంత్రం బయల్దేరి రాజమండ్రి చేరేసరికి చీకటి పడిపోతుంది. హైదరాబాదులో సాయంత్రం బయల్దేరింది అర్ధరాత్రికి గానీ ఇటు రాదు. అంటే, గోదావరి పేరు పెట్టుకున్న బండి గోదావరిని పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, రెండుసార్లూ చీకట్లోనే దాటుతుంది. లోపలివాళ్ళకి దీని మీద ఏ బాధా లేదు. పొద్దున్నే ఊరు చేరితే చాలట. ఇలాంటి స్వార్థపరుల సౌకర్యం చూసి టైంటేబుల్ వేస్తే వీడియోలు ఎలా బాగుపడతాయి?

వంతెనల సంగతీ అంతే. రాజమండ్రి దగ్గర మూడున్నాయి. 1900 నుంచి 1997 దాకా బళ్ళు మోసిన హేవలాక్ వంతెన చూడముచ్చటగా ఉంటుంది, దాని మీద బండి లేదు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన మీద బండి ఉంది గానీ, పైన రోడ్డు, పక్కన ఇనప దూలాలు, బోనులో పులిని చూసినట్టే. మూడోది కాంక్రీటు విల్లులది. అక్కడ బండీ కనిపిస్తుంది, వెలుతురూ ఉంటుంది, కింద నీళ్ళూ మెరుస్తాయి. కాకపోతే దూరం. రికార్డింగుకి ముందే జూమ్ చేసి పెట్టుకోవాలి. మూడు రెట్ల జూమ్‌లో చేతి వణుకు కూడా మూడు రెట్లవుతుందని నాకెవరూ చెప్పలేదు. గోదారి మీద భూకంపం వచ్చినట్టుండే వీడియోలు నా దగ్గర చాలానే ఉన్నాయి.

అసలు పండగ పెద్ద స్టేషన్లలో ఉండదు, బండి ఆగని చిన్న స్టేషన్లలో ఉంటుంది. ఆగకుండా దూసుకుపోవడాన్ని, రైళ్ళ వీడియోలు తీసే మావాళ్ళు స్కిప్ అంటారు. ప్రతి ఇంజనుకీ సొంతిల్లులాంటి షెడ్డు ఒకటుంటుంది. మామూలుగా వచ్చే షెడ్డు ఇంజను కాకుండా ఇంకో షెడ్డుది వస్తే ఆఫ్‌లింక్. లాలాగూడ ఇంజను రావాల్సిన చోట ఎక్కడిదో దూరాభారపు ఇంజను కనిపించిందంటే, ఆ రోజు స్వీట్లు పంచరు గానీ ఇంచుమించు అంత పనీ చేస్తారు.

చాగల్లు ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాననుకోండి. 24 బోగీల బండి. బోగీ ఒక్కోటీ దాదాపు 24 మీటర్లు, ముందు ఇంజనొక 20. అంతా కలిపి 600 మీటర్లకి కాస్త అటూ ఇటూ. గంటకి 110 కిలోమీటర్లంటే సెకనుకి 30 మీటర్లు. కట్టండి లెక్క. 20 సెకన్లు! ఈ 20 సెకన్ల కోసం కోడి కూయకముందే లేచి, తొమ్మిదింటికల్లా అక్కడుండి, పన్నెండున్నర దాకా ఎండలో నిలబడతాను. మా ఆవిడ దీన్ని పిచ్చి అంటుంది. తిరుమల క్యూలో పదహారు గంటలు నిలబడి తను ఎన్ని సెకన్లు చూసొచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. సంసారమన్నాక కొన్ని లెక్కలు కట్టకూడదు.

ఆ 20 సెకన్లయినా దక్కనిస్తారా? ఎక్స్‌ప్రెస్ దూరాన చుక్కలా కనిపించగానే, నాకూ దానికీ మధ్య లైనులో అంతసేపూ నిద్రపోతున్న బొగ్గు గూడ్సుకి తెలివొస్తుంది. ఎక్కడికీ తొందర లేని గూడ్సు. వ్యాగను తర్వాత వ్యాగను, పెళ్ళిలో పెద్దలు భోజనానికి లేచినట్టు కదులుతుంది. అవతల బండి పోతున్న హోరు వినిపిస్తుంది, సందుల్లోంచి ఎర్రగా ఏదో తళుక్కుమంటుంది, అంతే. అలాంటివి పదకొండున్నాయి నా దగ్గర. గూడ్సు వీడియోలని పేరు మార్చి దాచుకున్నాను.

గూడ్సు అడ్డం రాకపోతే మనుషులొస్తారు. మా గోదావరి జిల్లాల మర్యాద లోకప్రసిద్ధం. ఒంటరిగా నిలబడ్డ మనిషిని పలకరించకుండా పోవడం ఇక్కడ తప్పు. "ఏ చానలండీ?" అంటారు. "పెళ్ళి కెమెరానాండీ? ఎంత తీసుకుంటారేంటి?" అంటారు. ఓసారి అద్భుతమైన హారన్, లోకో పైలట్ నన్ను చూసి మరీ నిడివిగా కొట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన మోచెయ్యి పట్టుకుని, "బాబూ, తుని పాసింజరు ఎన్నింటికండీ?" అన్నాడు. నేను పలక్కపోయేసరికి వినపడలేదనుకుని ఇంకొంచెం గట్టిగా అడిగాడు. నా సేకరణలోకెల్లా గొప్ప హారన్‌లో 'తుని' అన్న మాట మూడుసార్లు వినిపిస్తుంది.

ప్లాట్‌ఫారం టికెట్టు 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. బండి మూడు గంటలు ఆలస్యమైతే? ఆలస్యం బండిది, రెండో టికెట్టు నాది. దీని మీద పార్లమెంటులో ఒక్కరూ నోరెత్తరు. విద్యుదీకరణ పేరుతో ప్రతి షాటులోనూ స్తంభాలు పాతేశారు. భీమవరం లూపు లైనులో డీజిల్ ఇంజన్లు నల్లగా పొగ కక్కుతూ ఎంత అందంగా వచ్చేవి! ఆ పొగ పీల్చినవాళ్ళని అడిగితే వేరేలా చెబుతారనుకోండి, వాళ్ళు ఎలాగూ ప్రయాణికులే. ఇక వందే భారత్. 2023 సంక్రాంతి రోజున విశాఖపట్నం, సికింద్రాబాద్ మధ్య మొదలైంది. ముందొక ముక్కు, వెనకొక ముక్కు, ఇంజనంటూ విడిగా లేదు. ఏ షెడ్డుదని అడగడానికి లేదు, ఆఫ్‌లింక్ అయ్యే భాగ్యమూ లేదు. తీసిన వీడియోని కంప్యూటర్లో వెనక్కి నడిపించి చూశాను. తేడా తెలియలేదు.

ఒక్క మాట మాత్రం నిజంగా చెబుతున్నాను. పట్టాల మీద నిలబడి, వెనక బండి వస్తుంటే ఫోనెత్తి పళ్ళికిలించే కుర్రాళ్ళని మాలో కలపకండి. వాళ్ళు తీసుకునేది వాళ్ళ మొహం. రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం, అనుమతి లేకుండా పట్టాల మీదకి పోతే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది నాకు కంఠతా వచ్చు. ఒక స్టేషన్లో పసుపు గీతకి నాలుగడుగులు ఇవతల నిలబడ్డ నాకు ఒక కానిస్టేబులు మొత్తం వినిపించాడు. ఏం తీశావో చూపించమన్నాడు. చూపించాను. రెండో బండి సగంలో ఉండగానే "సరే, వెళ్ళండి" అన్నాడు. ఇంకా ఏడున్నాయి, చూడండని బతిమాలాను. డ్యూటీ ఉందని వెళ్ళిపోయాడు.

ఇంట్లోవాళ్ళూ ఇలాంటి కానిస్టేబుళ్ళే. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో మన దేశంలో మొట్టమొదటిసారి సినిమా చూపించినప్పుడు, రైలు స్టేషన్లోకి రావడమే ఒక బొమ్మ, జనం రూపాయి పెట్టి చూశారు తెలుసా అని మా బావమరిదికి చెప్పాను. "మీరూ రూపాయి ఇస్తానంటే చూస్తాను బావగారూ" అన్నాడు.

అయినా మొన్న కార్తీకమాసంలో నిడదవోలుకి తోడొచ్చాడు. బండి రాగానే బటన్ నొక్కాను, అది పోయాక మళ్ళీ నొక్కి, కెమెరా సంచిలో పడేసి, సంచి వాడి చేతికిచ్చి నీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఇంటికొచ్చి చూస్తే బండి లేదు. మొదటిసారి బటన్ పూర్తిగా దిగలేదు. ఆపాననుకున్నప్పుడు మొదలైంది. ఆరు నిమిషాల సంచి చీకటి. శబ్దం మాత్రం ఉంది. ముందు టీ అమ్మే పెద్దమనిషి గొంతు, "ఎవరండీ ఆయన, ఇందాకట్నుంచీ అలా నిలబడిపోయారు?"

"మా బావగారండి. ఏమనుకోకు బాబాయ్. కుర్రతనంలో రైల్వే పరీక్ష నాలుగుసార్లు రాశారు, అసిస్టెంటు డ్రైవరు పోస్టుకి. చివరిసారి అన్నీ పాసయ్యారు, కంటి పరీక్షలో పోయింది."

"అయ్యో."

"ఆయ్. తీసుకోనీ."

సరిగ్గా అక్కడ ఇంకో బండి, నేను కుళాయి దగ్గరుండగా పోయిన బండి, ఆగకుండా వచ్చింది. హారన్ దూరాన సన్నగా మొదలై, పెరిగి పెరిగి, మీద పడేంత దగ్గరకొచ్చి, దాటగానే ఒక్కసారిగా స్వరం దించుకుని వెళ్ళిపోయింది. మైకుకి సంచి గుడ్డ అడ్డం కదా, గాలి చప్పుడు లేదు. తుని లేదు. ఇన్నేళ్ళలో ఇంత శుభ్రంగా ఎప్పుడూ పడలేదు. బావమరిది మాటలు కత్తిరించి హారన్ ఒక్కటీ ఉంచుకుందామని మేనల్లుణ్ణి కూర్చోబెట్టాను. కుదరదన్నాడు. 'తీసుకోనీ' అన్న మాట మీదే మొదలైందట.