అది మందు సీసా కాదు బాబాయ్

వారం రోజుల్లో ఈ వాట్సాప్ మెసేజ్ రావడం ఇది మూడోసారి. మొదట అమలాపురం కాలేజీ గ్రూపులో, తర్వాత రొయ్యల చెరువుల గ్రూపులో, నిన్న రావులపాలెం నుంచి సాక్షాత్తూ మా బాబాయే పంపారు. “మనిషి ఒంట్లోంచి తీసిన ఎస్‌ఓడీ ఎంజైమ్. కొబ్బరినీళ్లలో నాలుగు చుక్కలు తాగితే షుగరు పోతుంది, ముసలితనం రాదు. త్వరగా పనిచేయాలంటే ఇన్సులిన్ సూదితో పొట్టకి చేసుకోండి. ఎంత ఎక్కువైతే అంత మంచిది.”

ఎస్‌ఓడీ అంటే సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, ఒంట్లో తయారయ్యే సూపరాక్సైడ్ అనే హానికర పదార్థాన్ని మార్చే ఎంజైమ్. ఇలా అమ్మేదాన్ని మామూలుగా మనిషి ఒంట్లోంచి తీయరు. మన జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి తయారు చేయిస్తారు, అంతే.

తాగితేనా? అదొక ప్రొటీన్. కడుపులో చేపముక్క అరిగినట్టే అరిగిపోతుంది. పులస తిన్నవాళ్లెవరైనా ధవళేశ్వరం దాకా ఏటికి ఎదురీదారా?

ముసలితనం సంగతి వదిలేద్దాం, చదివితేనే వయసు పెరుగుతోంది.

సూది మాట రాసినవాణ్ని మాత్రం వదలబుద్ధి కావట్లేదు. ల్యాబ్‌లో పనిచేసినప్పుడు ఇలాంటివి చేత్తో పట్టుకున్నాను. చిటికెన వేలంత గొట్టం, అడుగున కనపడీ కనపడని తెల్లపొడి, లేబుల్ మీద ‘పరిశోధనకు మాత్రమే’. మీరు పంపిన ఫొటోలోనూ ఆ మాటే ఉంది, జూమ్ చేసి చూడండి. ప్రయోగానికి సరిపడా శుభ్రం చేసిన సరుకు వేరు, సూదితో ఒంట్లోకి ఎక్కించే మందు వేరు. బ్యాక్టీరియా తాలూకు ఎండోటాక్సిన్ అనే విషం అందులో మిగిలితే చలిజ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది. పైగా ఈ ఎంజైమ్ సూపరాక్సైడ్‌ని మాయం చేయదు. ఆక్సిజన్‌గా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. అదీ హానికరమే, దాని పని పట్టడానికి కేటలేజ్ లాంటి ఇంకో ఎంజైమ్ కావాలి. ఎక్కువైతే మంచిదనడానికి ఇదేమన్నా పప్పులో నెయ్యా?

ఒకటి ఒప్పుకోవాలి. సూది ఆలోచన గాల్లోంచి ఊడిపడలేదు. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు ఈ ఎంజైమ్ పని బయటపెట్టాక, ఆవు కాలేయం నుంచి తీసిన ఇదే రకం ఎంజైమ్‌ని ఆర్గోటీన్ పేరుతో కీళ్లనొప్పులకి ఇంజక్షన్‌గా వాడి చూశారు. చూసింది డాక్టర్లు, మోకాళ్లలో. షుగరుకి కాదు, వాట్సాప్ చూసి అంతకంటే కాదు.

బాబాయ్, మీరు షుగరు మాత్రలు మానేసి పది రోజులైందని పిన్ని చెప్పింది. పరగడుపున 286 వచ్చిందట. పొద్దున్నే బండి తెస్తాను, డాక్టరు దగ్గరికి వెళ్దాం. సీసా ఆర్డరు ఇప్పుడే క్యాన్సిల్ చేయండి.