పడవ ఏ వైపున ఉంది?

కనుమ నాడు కాకైనా కదలదంటారు. కాకికి సర్వర్లు లేవు కాబట్టి దానికి చెల్లింది. నేను మాత్రం రావులపాలెం పక్కన మా ఊళ్ళో, అరుగు మీద కూర్చుని, ఒక చేత్తో మినపగారె కొరుకుతూ, మరో చేత్తో ముంబైలో ఉన్న ఉబుంటు (ఒక రకం లినక్స్) సర్వర్‌కు ఫైర్‌వాల్, అంటే వచ్చేవాళ్ళను వడకట్టే కాపలా, పెడుతున్నాను.

వెబ్‌సైటు చూసేవాళ్ళ కోసం 80, 443 పోర్టులు, అంటే సర్వర్‌కున్న నంబర్ల గుమ్మాలు, తెరిచాను. దూరం నుంచి ఆదేశాలిచ్చేందుకు నేను లోపలికి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ దారి 22. అదొక్కటే మరిచిపోయాను. పాపం, ఆ ఫైర్‌వాల్‌ను నడిపే యూఎఫ్‌డబ్ల్యూ చాలా మర్యాద తెలిసిన ప్రోగ్రాము. ‘ఇప్పుడున్న ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్లు తెగిపోవచ్చు, కానివ్వమంటారా?’ అని అడిగింది. పురోహితుడు ఏమి అనమంటే అది అనేసే పెళ్ళికొడుకులా ‘వై’ నొక్కాను.

ఏమీ కాలేదు. మోసమంతా అక్కడే ఉంది. అప్పటికే లోపల ఉన్న కనెక్షన్‌ను అది మామూలుగా కదపదు, కొత్తగా వచ్చేవాళ్ళనే ఆపుతుంది. పంక్తిలో కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపరు. తనంతట తాను లేచి వెళ్ళాడా, ఆ విస్తరి ఇక వాడిది కాదు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, గోడకున్న వైఫై పెట్టెకు లేదు. నా కనెక్షన్ తెగింది. ఫోను నెట్టుతో ప్రయత్నిస్తే జవాబు లేదు. సిగ్నల్‌ను తిట్టుకుంటూ మేడ ఎక్కాను. సిగ్నల్ నిండుగా ఉంది, వెబ్‌సైటు హాయిగా తెరుచుకుంటోంది. అప్పుడు వెలిగింది. లోపల టీమక్స్ (కనెక్షన్ తెగినా పనిని సర్వర్‌లోనే నిలిపి ఉంచే ప్రోగ్రాము) నా పనిని చెక్కుచెదరకుండా పట్టుకుని కూర్చునే ఉంటుంది. పీట వేసి ఉంది, గుమ్మమే మూసుకుపోయింది.

సర్వర్ అద్దెకిచ్చినవాళ్ళ కన్సోల్ నుంచి, ఫైర్‌వాల్‌తో పని లేకుండా వెళ్ళవచ్చు. ఆ వివరాలున్న సహోద్యోగి భీమవరం వైపు కోడిపందేలకు వెళ్ళాడు. ఫోను మోగుతోంది, ఎత్తేవాడు లేడు.

అయినా నేను మరీ అంత తెలివితక్కువవాణ్ణి కాదు. ఫైర్‌వాల్ వేసేముందే, 11:15కు అది దానంతట అదే ఆగిపోయేలా ‘ఎట్’ ఆదేశంతో (చెప్పిన వేళకు పని చేసిపెట్టేది) ఏర్పాటు చేశాను. మేడ దిగేసరికి 11:12. ఇంకో గారె తిన్నాను. 11:20 అయింది. 11:30 కూడా అయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తుందని. అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. దానికి 11:15 అయ్యేసరికి మనకు సాయంత్రం 4:45. ‘ఇప్పటి నుంచి పది నిమిషాలకు’ అని రాసినా ఆ ఆదేశానికి అర్థమయ్యేది. నేనే పెద్దమనిషిలా గంటలూ నిమిషాలూ లెక్కకట్టి మరీ ఇచ్చాను.

కాలువలో పడవలను దాటించే లాకుకు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన పెదనాన్న పడక్కుర్చీలోంచి అంతా వింటున్నారు.

“ఆ యూటీసీ ఎవరి టైము రా?”

“లండన్ దగ్గర గ్రీనిచ్ టైము అనుకోండి.”

“1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర, గడియారం ఇక్కడే మరిచిపోయాడన్నమాట!”

నవ్వడం అయ్యాక మెల్లగా అన్నారు. “మేము లాకు తలుపులు వేసేముందు పడవ ఏ వైపున ఉందో చూసుకునేవాళ్ళం.”

ఆ తర్వాత ఐదు గంటలూ నేను ఇంట్లో అందరికీ ఖాళీగా ఉన్న మనిషిని. రెండు కొబ్బరికాయలు కోరాను. ఆవు కొమ్ములకు పసుపు రాశాను. పిన్ని వాళ్ళింటికి గారెల గిన్నె మోసుకెళ్ళి, వాళ్ళు ఇచ్చిన పూతరేకులతో తిరిగొచ్చాను. “కంప్యూటర్ ఉద్యోగమంటే ఏమో అనుకున్నాను, బాగానే తీరిక ఉందే!” అని అమ్మ మురిసిపోయింది.

4:45కు లోపలికి రానిచ్చినట్టుగా తెర మీద సర్వర్ ప్రాంప్టు మెరిసింది. ఈసారి ముందు 22 తెరిచాను. ఫైర్‌వాల్ వేయబోతే మళ్ళీ అదే ప్రశ్న. వేలు ‘వై’ మీద ఆగింది. వెనక నుంచి పెదనాన్న కళ్ళద్దాలు సర్దుకుంటూ తొంగి చూశారు.

“పడవ దాటిందా?”

“ఇది మూయకుండా, తెర మీద ఇంకో కిటికీలోంచి ఒకసారి వెళ్ళి చూస్తానండీ.”