ఎవరి లంకకు చేటు?

గత డిసెంబరులో, ఊరికి దూరంగా ఉంటున్న మన సంఘం సేవా కార్యక్రమాల కోసం నల్లగొండ వచ్చినవారికి ఆ సాయంత్రం సభ గుర్తుండే ఉంటుంది. పొద్దున కంటి శిబిరం, మధ్యాహ్నం బడిపిల్లలకు సైకిళ్లు, పొద్దుగూకాక సాంస్కృతిక కార్యక్రమం. కరపత్రంలో ఆరో అంశం కింద "నవల ఆవిష్కరణ, పరిచయం: ఇరవై నిమిషాలు" అని అచ్చయి ఉంది. ఐదో అంశం కూచిపూడి. అది కాగానే ఏడో అంశమైన దాతల సన్మానం మొదలైంది. ఆరు ఏమైందో వేదిక మీద ఎవరూ చెప్పలేదు, కింద ఎవరూ అడగలేదు. మూడో వరుసలో కూర్చున్న రచయిత్రి, రంగు కాగితం చుట్టి రిబ్బను కట్టిన ఐదు ప్రతులను ఒళ్లోంచి తీసి సంచిలో పెట్టుకున్నారు. శాలువాలు మాత్రం ఇరవై రెండు కప్పారు. లెక్కపెట్టడం తప్ప నాకు వేరే పని లేకపోయింది.

ఆ పుస్తకం ఒక నేరకథ. దాన్ని పరిచయం చేయవలసింది నేనే. కనుక ఇందులో నా కోపం కొంత సొంతది. ముందే ఒప్పుకుంటున్నాను.

భోజనాల దగ్గర కార్యవర్గంలోని ఒక పెద్దాయన నా భుజం మీద చేయి వేసి, "హత్యలూ గిత్యలూ మన వేదిక మీద ఎందుకు తమ్ముడూ? మన పిల్లలు మొదటిసారి ఊరు చూడటానికి వచ్చారు. పైగా ఆ కథ ఎవరింటిదో ఇక్కడ అందరికీ తెలిసిపోతుంది. ఇంటి గుట్టు లంకకు చేటు" అన్నారు. ఆయన మంచివారు. సైకిళ్లలో సగం ఆయన డబ్బుతో కొన్నవే. నేను తలూపి పెరుగన్నం కలుపుకున్నాను. సమాధానం చెప్పడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

నవల గురించి నాలుగు మాటలు. నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో ఒక చిన్న పట్టణం, పేరు పెట్టలేదు. కాలం 2017. ఆ ఏడాది సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది కదా, ఆ పనికి రోజుకూలి మీద తీసుకున్న ఒక కంప్యూటర్ ఆపరేటర్ కథానాయిక. ఇన్‌స్పెక్టరు లేడు, తుపాకీ లేదు. ఆమె చేతిలో ఉన్నవి పాత పహాణీలే, అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన రికార్డులే. 1954-55 నాటి ఖాస్రా పహాణీలో ఒక సర్వే నంబరు ఎదురుగా రక్షిత కౌలుదారుగా, అంటే చట్టం రక్షణ ఉన్న కౌలురైతుగా ఉన్న పేరు, తర్వాతి పహాణీల్లో భూమి ఎవరి సాగులో ఉందో రాసే అనుభవదారు గడిలో కనిపించదు. ఆ సర్వే నంబరులోనే ఒక బావి ఉంది. 1986లో ఆ భూమి గల ఇంటి పెళ్లికాని ఆడపిల్ల ఆ బావిలోనే చనిపోయింది.

1986 అన్న ఏడాదిని రచయిత్రి ఊరికే ఎంచుకోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది 1986లోనే. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్లయిపోయినవారికి ఆ హక్కు రాలేదు. అంటే ఒకే ఇంట్లో పెళ్లయిన అక్కకు ఏమీ లేదు, పెళ్లికాని చెల్లెలికి అన్నతో సమానంగా వాటా. దేశమంతటికీ, పెళ్లయిందా కాలేదా అన్న తేడా లేకుండా ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసి వచ్చింది. మధ్యలో ఉన్న ఆ ఇరవై ఏళ్లలో మన ఊళ్లలో ఎన్ని పెళ్లిళ్లు తొందరగా జరిగాయో, ఎన్ని పంపకాల కాగితాల మీద పాత తేదీలు పడ్డాయో మన ఇళ్లలోని పెద్దలకు తెలుసు. రచయిత్రి ఆ సందులో చేయి పెట్టారు. చేసింది ఎవరో అరవయ్యో పేజీకే తెలిసిపోతుంది. మిగిలిన రెండు వందల పేజీలు ఎందరికి తెలుసు అన్న లెక్కతోనే నడుస్తాయి. శవపంచనామాకు సంతకం పెట్టిన ఐదుగురికి తెలుసు. ఆర్‌ఎంపీ డాక్టరుకు తెలుసు. చీర ఉతికిన చాకలి అవ్వకు అందరికంటే ముందు తెలుసు.

సభ మర్నాడు రచయిత్రి నన్ను పానగల్లుకు తీసుకెళ్లారు. ఛాయా సోమేశ్వరుడి గుడి మీలో చాలామంది చూసే ఉంటారు. లింగం వెనుక గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ నిలబడే ఉంటుంది. ఏ స్తంభానిదా అని వెతికితే, ఏ ఒక్కదానిదీ కాదు, ముందున్న స్తంభాల అమరిక వల్ల ఏర్పడిన నీడ. "నా నవల ఇంతేనండీ" అన్నారామె. అంతకు మించి ముందురోజు గురించి ఒక్క మాట అనలేదు. నేనే గొణుక్కుంటూ ఉన్నాను.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా మిగిలినదంతా రాయడం దొంగతనమవుతుంది.

మా ఊరు దేవరకొండకు బస్సులో గంట ప్రయాణం. మా చిన్న మేనత్త నల్లగొండలో టీచర్ ట్రైనింగ్ చదివేది. సెలవులకు వచ్చేటప్పుడు దేవరకొండ బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల షాపులో డిటెక్టివ్ నవలలు తెచ్చుకునేది. వాకిట్లో నులకమంచం మీద బోర్లా పడుకుని ముందు చివరి పేజీ చదివేది. "అట్లా చదివితే మజా ఏముంది అత్తా?" అంటే, "ఎవరో తెలిసిపోతే భయం ఉండదు, అప్పుడు మిగతాదంతా నిదానంగా చదువుకోవచ్చు" అనేది. నాకు తొమ్మిదేళ్లు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదివి వినిపించేది, హంతకుడి మాటలు వచ్చినప్పుడు మా పెదనాయన గొంతు పెట్టేది. నేను నవ్వి నవ్వి మంచం మీంచి పడేవాడిని.

1986 ఎండాకాలం చివర ఆమె మా మోటబావిలో చనిపోయింది. నీళ్లకు వెళ్లి కాలు జారింది అన్నారు. నవల మొదటి వాక్యం కూడా దాదాపు ఇదే. అది చదివినప్పుడు పుస్తకం మూసి వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడ్డాను. ఎందుకంటే ఆ రోజు మా ఇంట్లో బిందెలన్నీ దండెం కింద బోర్లించి ఉన్నాయి, ఒక్కటీ తగ్గలేదు. లెక్కపెట్టే అలవాటు నాకు అప్పటి నుంచే ఉంది. ఆ మాట నాయనమ్మతో అన్నాను. చెంప మీద కొట్టింది. ఆమె నన్ను కొట్టడం అదే మొదలు, అదే చివర. కొట్టి, వెంటనే దగ్గరకు లాక్కుని నా తల తన కొంగులో దాచింది. ఊపిరాడలేదు నాకు.

మరుసటి ఏడు సద్దుల బతుకమ్మ నాడు నాయనమ్మ సిబ్బిలో గుమ్మడాకు పరిచి తల్లి బతుకమ్మను పేర్చింది, పక్కన పిల్ల బతుకమ్మను పేర్చింది. తర్వాత చిన్న పళ్లెం తెచ్చుకుని మూడోది పేర్చింది. వట్టి తంగేడు పూలు, గునుగు కూడా లేదు. ఎవరికని అడిగితే, "ఊరికే. పూలు మిగిలాయి" అంది. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ ప్రతి ఏడూ పూలు మిగిలాయి. కరువు వచ్చి గునుగు దొరకని ఏడు కూడా మిగిలాయి.

2018లో పెదనాయన పోయాక పాసుపుస్తకం పనికి వారసుల వివరాలు కావాలని ఊరి నుంచి కాగితాలు వచ్చాయి. మా నాయన అప్పుడు ఇక్కడ మా ఇంట్లోనే ఉన్నాడు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని, తోబుట్టువులు ఎందరు అన్న చోట "ఐదుగురు" అని రాసి, ఆగి, కొట్టేసి "నలుగురు" అని రాశాడు. నేను చూశానని చూశాడు. "అలవాటులో రాశాను" అన్నాడు. ముప్పై రెండేళ్లుగా నలుగురమని అందరికీ చెబుతున్న మనిషికి అలవాటు ఐదుగురట. ఆ కాగితం చెడిపోయిందని కొత్తది ప్రింటు తీసి ఇచ్చి, కొట్టివేత ఉన్నది నేను దాచుకున్నాను. ఇప్పుడు నాయన కూడా లేడు.

మా ఇంట్లో హత్య జరిగిందని నేను అనడం లేదు. ఆ రోజుల్లో రాత్రిళ్లు పెద్దల మాటల్లో "వాటా" అన్న మాట విన్నట్టు ఈ నవల చదివాక నాకు గుర్తొస్తోంది. నిజంగా విన్నానా, నవల నా చెవిలో వేసిందా తేల్చుకోలేను. బిందెలు బోర్లించి ఉండటం మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు.

పెద్దాయన మాటల్లో న్యాయం లేకపోలేదు. చిన్న ఊళ్లో కల్పన అనేది ఉండదు. మారుపేరు పెట్టినా మూడో రోజుకల్లా చాయ్ హోటల్లో అసలు పేరు వచ్చేస్తుంది. ఆ ఇంట్లో ఇవాళ పెళ్లీడు పిల్లలుంటారు, వాళ్లు చేసిన తప్పేమీ ఉండదు. నేరకథలు రాసేవాళ్లు చాలామంది మొదటి పేజీలోనే ఒక ఆడదాని శవాన్ని పడేసి పాఠకుణ్ణి లాక్కునే మాటా నిజమే. ఇందులో కూడా ఒక అధ్యాయం, పంచనామా వివరాలున్నది, అంత అవసరం లేదని రచయిత్రితోనే అన్నాను. ఇక నల్లగొండ అంటే ఫ్లోరైడు, పాలమూరు అంటే వలసకూలీ అని బయటివాళ్లకు రెండే ముక్కలు తెలిసినప్పుడు, మూడో ముక్క హత్య కావడం ఎవరికి ఇష్టం?

అయితే పేరు పాడుచేసేది నవలేనా? 2018 సెప్టెంబరులో మిర్యాలగూడ పేరు దేశమంతా వినబడింది. కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు పట్టపగలు ప్రాణం తీసిన ఆ సంగతి ఏ రచయిత్రీ కల్పించలేదు. మరి ఆ ఏడాది మన పత్రికలో దాని మీద ఎన్ని పేజీలు వచ్చాయో పాత సంచికలు తిరగేయండి. నేను తిరగేశాను. వంటల పోటీ ఫలితాలున్నాయి.

ఇంకొకటి. ఆ సాయంత్రం వేదిక వెనుక కట్టిన పెద్ద బ్యానరు మీద ఏముంది? నిలువెత్తు బతుకమ్మ. బతుకమ్మకు చెప్పుకునే కథల్లో ఒకటి మా నాయనమ్మ నాకు చెప్పింది, మీ ఇళ్లలోనూ చెప్పే ఉంటారు. ఏడుగురు అన్నలకు ఒక్క చెల్లెలు. పండగ నాడు వదినతో మాటా మాటా వచ్చింది. వదిన విషం పెట్టి ఆడబిడ్డను చంపి, ఊరి బయట పాతేసింది. అక్కడ తంగేడు మొలిచి పసుపుపచ్చగా పూసింది. అన్న పూలు కోయబోతే చెట్టు మాట్లాడింది, జరిగింది చెప్పింది. హత్య ఉంది, శవాన్ని దాచడం ఉంది, సొంత ఇంటి గుట్టు ఉంది, చివర బయటపడటం ఉంది. మన ఆడవాళ్లు దీన్ని తరతరాలుగా చిన్నపిల్లల ముందే చెప్పుకున్నారు, ఆ పూలనే పేర్చి చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగారు. ఎవరికీ పండగ మైలపడినట్టు అనిపించలేదు. అంత కథ మోసిన పూల బొమ్మను వెనుక కట్టుకుని, ముందు నిలబడి, నేరకథ మన సంస్కృతి కాదన్నాం.

లంక సామెతకు వస్తాను. విభీషణుడు గుట్టు చెప్పాడు, లంకకు చేటయింది, నిజమే. కానీ అశోకవనంలో కూర్చున్న ఆవిడ సంగతేమిటి? ఇన్నేళ్లుగా ఈ సామెతను లంక వైపు నిలబడి చెప్పుకుంటున్నామని పెరుగన్నం తింటున్నప్పుడు నాకు తట్టి ఉంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది.

కార్యవర్గానికి నా మనవి పెద్దదేమీ కాదు. వచ్చే బతుకమ్మ మన అద్దె హాల్లో ఎలాగూ జరుగుతుంది. గాలి నింపిన పిల్లల కొలనులో నీళ్లు పోసి నిమజ్జనం చేస్తాం, చామంతులతో సర్దుకుంటాం, సత్తుపిండి పంచుకుంటాం. ఆటలకూ భోజనాలకూ మధ్య ఆ ఇరవై నిమిషాలు తిరిగి ఇవ్వండి. రచయిత్రిని ఫోన్లో చూపిద్దాం, ఆమె రెండు పేజీలు చదువుతారు. పంచనామా అధ్యాయం వద్దని నేనే చెబుతాను. పిల్లలను బయటికి పంపాలనుకునేవారు పంపుకోండి, నేను అడ్డం రాను. ఆ సైకిళ్ల పెద్దాయనను మొదటి వరుసలో కూర్చోబెట్టండి. కోపమున్నా మేనమామ వరస, పుస్తకం ఆవిష్కరించమని ఆయననే అడుగుతాను. రిబ్బను విప్పని ప్రతి ఒకటి నా దగ్గర ఉంది.

ఏటా మా ఇంటి నుంచి రెండు బతుకమ్మలు వచ్చేవి. ఈసారి మూడు వస్తాయి. మూడోది చిన్నదే. బల్ల మీద చోటు ఉంచండి.