గొర్రె నేరం రుజువైంది

భూమి వేడెక్కడానికి అసలు కారకులెవరో ఇన్నాళ్లకు తేలింది. దేవరకొండ వైపు గుట్టల మీద మేస్తున్న గొర్రెలు. రేగు చిగుళ్లు కొరకడం, తీరిగ్గా నెమరేయడం, నెమరేస్తూ మీథేన్ వదలడం. మూడు నేరాలూ పట్టపగలు, కాపరి కళ్లముందే జరుగుతున్నాయి. ముద్దాయి ఇంత సులువుగా దొరికాక ఇంకా బొగ్గు కరెంటు, విమానాలు అంటూ పెద్దవాళ్లను లాగడం మర్యాద కాదు.

శిక్ష కూడా ఖాయమైంది. కార్బన్ క్రెడిట్ల పథకమని ఊరుమ్మడి మేత భూమి, బంచరాయి చుట్టూ కంచె వేస్తారు. నేలలో ప్రాణంతో ఉన్న మొద్దుల నుంచి మోదుగ, చండ్ర, రేల వాటంతటవే లేస్తాయి. అవి పీల్చుకున్న ఒక్కో టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు ఒక్కో క్రెడిట్, అంటే అమ్ముకోదగ్గ పత్రం. ఎక్కడో పొగ వదిలే కంపెనీ దాన్ని కొనుక్కుని చేతులు కడుక్కుంటుంది. (చెట్లొస్తే మంచిదే. మోదుగతో నాకేం పేచీ లేదు.)

నాకు బాగా నచ్చినవి నిబంధనలు. ఈ డబ్బు రాకున్నా అడవి ఉండేదే అయితే క్రెడిట్ ఇవ్వరు. అంటే దేవుడి గుట్ట అని తాతల నాటి నుంచి గొడ్డలి పడకుండా కాచిన ఊరికి నయాపైసా రాదు. తుప్ప కూడా మిగల్చకుండా నరికిన ఊరికైతే అన్ని అర్హతలూ ఉన్నాయి. గుట్టను కాస్తున్న పెద్దలు ఇకనైనా బాధ్యతగా ఆలోచించాలి.

ఇంకోటుంది. ఇక్కడి మంద పక్క ఊరికి పోయి మేస్తే, అక్కడి నష్టాన్ని ఇక్కడి క్రెడిట్లలో కోస్తారు. అది ఎక్కడా మేయకుంటే లెక్క చక్కగా కుదురుతుంది. ఒప్పందం 40 ఏళ్లదైతే గొర్రెపిల్లలు కొంచెం ఓపిక పట్టాలి, అంతే.

మన సర్కారు ఈ సమతుల్యాన్ని ఎప్పుడో సాధించింది. 2015లో హరితహారమని మొక్కలు నాటించింది. 2017లో 75 శాతం సబ్సిడీ మీద యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు పంచింది. ముందు మేత, తర్వాత నోరు. ప్రణాళిక అంటే అట్లుండాలి.

కాపరుల ఉపాధి సంగతీ మరిచిపోలేదు. కంచె కాపలా ఉద్యోగం వాళ్లకే ఇస్తారట. ఎవరి గొర్లను వాళ్లే తరుముకోవాలి, నెలనెలా జీతం. గ్రామసభలో ఈ మాట చెబితే, గొంగడి భుజాన వేసుకున్న ఒక పెద్దాయన లేచి, "ఆ పొగ ఇడిసే కంపెనీ సుట్టు కంచె ఏస్తే ఎంతయితది సారూ?" అని అడిగాడు.

ఎజెండాలో ఆ అంశం లేదని చెప్పి కూర్చోబెట్టారు.