ఏడడుగుల గీత దగ్గరే అసలు ఆట

రంధ్రాల ప్లాస్టిక్ బంతిని ప్యాడిల్ అనే గట్టి బ్యాటుతో నెట్ మీదుగా కొట్టే ఆట పికిల్‌బాల్. హైదరాబాద్‌లో ఆ ప్యాడిల్ పట్టుకున్నవాళ్లలో చాలామంది అంతకుముందు షటిల్ ఆడినవాళ్లే. కోర్టులో అడుగు పెట్టగానే తెలిసిన చోటికే వచ్చామనిపిస్తుంది. 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. అచ్చంగా డబుల్స్ షటిల్ కోర్టు కొలతలే. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో ఈ ఆట పుట్టిందే ఒక పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద కాబట్టి ఇందులో వింత లేదు. చిక్కంతా ఆ పరిచయంతోనే. మొదటి రెండు నెలలు షటిల్ చెయ్యి గెలిపిస్తుంది. ఆ తర్వాత అదే చెయ్యి ఎదగనివ్వదు.

కారణం నెట్ దగ్గరుంది. షటిల్ నెట్ మధ్యలో 5 అడుగుల ఎత్తు. పికిల్‌బాల్ నెట్ అంచుల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34. నెట్ నడుము దాకా దిగిపోయింది కదా, ఇక బాదడమే అనుకుంటారు. బంతి ఎంత లేస్తుందో చూడరు. ప్రమాణాల ప్రకారం 78 అంగుళాల ఎత్తు నుంచి గట్టి రాతి పలక మీద వదిలితే అది 30 నుంచి 34 అంగుళాలే పైకి రావాలి. అంటే నేలను తాకి లేచిన బంతి చాలాసార్లు నెట్ పై అంచుకు కిందే మీ ప్యాడిల్‌కు దొరుకుతుంది. కిందున్న బంతిని బలంగా కొడితే నెట్‌కైనా తగులుతుంది, పైకి లేచి అవతలివాళ్లకు విందు భోజనమైనా అవుతుంది. టాప్‌స్పిన్‌తో వంచి దించే నేర్పు కొందరికి ఉంటుంది గానీ అది నెలల తరబడి సాధన మీద వచ్చేది.

ఇక రెండు బౌన్స్‌ల నియమం. సర్వ్ ఒకసారి నేల తాకాలి, దాని రిటర్న్ కూడా ఒకసారి తాకాలి. ఆ తర్వాతే గాల్లోనే కొట్టే వాలీకి అనుమతి. ఈ ఒక్క నియమంతో సర్వ్ చేసిన జట్టు కోర్టు వెనక గీత అయిన బేస్‌లైన్ దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. రిటర్న్ ఇచ్చిన జట్టు మాత్రం నేరుగా ముందుకొచ్చి నెట్‌కు 7 అడుగుల దూరంలో ఉన్న కిచెన్ గీత దగ్గర పాతుకుపోవచ్చు. ఆ గీతకూ నెట్‌కూ మధ్య, వాలీ నిషిద్ధమైన చోటే కిచెన్. సంప్రదాయ స్కోరింగ్‌లో పాయింటు వచ్చేది సర్వ్ చేసినవాళ్లకే, స్థానబలం మాత్రం రిటర్న్ ఇచ్చినవాళ్లది. ఈ వైరుధ్యం మనసుకెక్కనంత కాలం ఎంత స్పిన్ నేర్చినా ఉపయోగం తక్కువ. యూట్యూబ్ చూసి స్పిన్ సర్వ్ మీద వారాలు ఖర్చుపెట్టేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకుంటే మంచిది.

కాబట్టి సర్వ్ నుంచి కోరవలసింది లోతు ఒక్కటే. కిచెన్ గీత నుంచి బేస్‌లైన్ దాకా ఉన్న 15 అడుగుల్లో చివరి నాలుగైదు అడుగుల్లో బంతి పడితే అవతలివాడు వెనక్కి తగ్గి కొడతాడు, ముందుకు రావడం ఆలస్యమవుతుంది. షటిల్ అలవాటున్నవాళ్లు మణికట్టు విసిరి సర్వ్ చేస్తారు. బంతి తగిలే క్షణానికి ప్యాడిల్ తల మణికట్టుకు పైకి లేస్తుంది, ఫాల్ట్ అవుతుంది. ఈ అలవాటు పోనివాళ్లకు డ్రాప్ సర్వ్ సులువైన మార్గం. బంతిని చేతిలోంచి ఊరికే జారవిడిచి, నేల తాకి లేచాక కొట్టాలి. బంతి నడుముకు కింద తగలాలి, ప్యాడిల్ తల మణికట్టుకు పైకి రాకూడదు అనే ఆంక్షలు దానికి వర్తించవు. రిటర్న్ కూడా లోతుగానే ఉండాలి, పైగా కాస్త ఎత్తుగా, నెమ్మదిగా. రిటర్న్‌ను తుపాకీ గుండులా కొట్టి మురిసిపోయేవాళ్లు కిచెన్ గీత చేరేలోపే బంతి తిరిగొచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. ఆ 15 అడుగులు నడవడానికి సరిపడా సమయం బంతే గాల్లో కొనిపెట్టాలి.

మూడో షాట్, అంటే రిటర్న్‌కు సర్వ్ జట్టు ఇచ్చే జవాబు దగ్గరే ఆటగాళ్ల స్థాయి తేలిపోతుంది. మీరు బేస్‌లైన్ దగ్గర, అవతలివాళ్లిద్దరూ గీత మీద. బంతి 22 అడుగులు దాటి నెట్ మీదుగా వెళ్లి, అవతలి 7 అడుగుల కిచెన్‌లో మెత్తగా దిగాలి. అదే డ్రాప్. చెయ్యడానికి మూడు సంగతులు చాలు. పిడికిలి బిగువు పదిలో మూడో నాలుగో ఉండాలి. బంతి శరీరానికి ముందు, ముందుకాలికి ఎదురుగా తగలాలి. ఊపు భుజం నుంచి రావాలి, మణికట్టు కదలకూడదు. బంతి ఎక్కడ శిఖరానికి చేరుతుందో గమనించండి. అది నెట్‌కు మీ వైపునే ఉండాలి, నెట్ దాటేటప్పటికి బంతి దిగుతూ ఉండాలి. శిఖరం నెట్ మీదో, అవతలో ఉంటే ఎదుటివాడు నడుముకు పైన అందుకుని కొట్టేస్తాడు.

తప్పును చూసి కారణం పట్టుకోవచ్చు. డ్రాప్ వరసగా నెట్‌కు తగులుతుంటే బంతిని ఆలస్యంగా, తుంటి పక్కన కొడుతున్నారని అర్థం, లేదా మోకాళ్లు వంచకుండా నడుమే వంచుతున్నారు. పైకి లేచిపోతుంటే చివర్లో మణికట్టు తిప్పుతున్నారు. ఒక్కోసారి దూరం కుదరదు, ఒకటి దగ్గర, ఒకటి దూరం. అప్పుడు కాళ్లు కదులుతుండగానే కొడుతున్నారన్నమాట. ప్రతిసారీ డ్రాపే వెయ్యాలని నియమం లేదు. రిటర్న్ పొట్టిగా పడి బాగా లేస్తే నెట్ తక్కువగా ఉన్న మధ్యలోకి బలంగా డ్రైవ్ కొట్టి, దానికి వచ్చే బలహీనమైన జవాబును ఐదో షాట్‌గా డ్రాప్ చేసుకోవచ్చు. లోతైన రిటర్న్‌ను డ్రైవ్ చెయ్యబోవడమే అనర్థం.

డ్రాప్ వేసి పరుగెత్తుకుంటూ గీత దాకా వెళ్లిపోవడం మరో పొరపాటు. బేస్‌లైన్‌కూ కిచెన్‌కూ మధ్యలో ఉండగా ఎదుటివాడు బంతి కొట్టే క్షణానికి రెండు కాళ్లూ నేలకు ఆనించి ఆగాలి. పరుగులో ఉన్నవాడి పాదాల దగ్గర వేసిన బంతికి జవాబు దాదాపు ఉండదు. అక్కడ ఆగి ఆడాల్సింది రీసెట్: ప్యాడిల్ ముఖం కాస్త తెరిచి, పిడికిలి వదులు చేసి, ఊపు లేకుండా బంతి వేగాన్ని మింగేసి మళ్లీ కిచెన్‌లో పడెయ్యడం. స్మాష్‌లా చూడముచ్చటగా ఉండదు, చప్పట్లు రావు. కానీ గట్టి జోడీలను విడదీసి చూపే షాట్ ఇదే.

గీత దగ్గరికి చేరాక డింకుల ఆట, అంటే బంతిని నెట్ మీదుగా మెత్తగా అవతలి కిచెన్‌లోనే వెయ్యడం. ఎదురుగా ఉన్న కిచెన్‌లోకి తిన్నగా వేస్తే రెండు గీతల మధ్య దూరం 14 అడుగులే. మూల నుంచి మూలకు వేస్తే దాదాపు 24. పైగా బంతి నెట్ తక్కువగా ఉన్న మధ్య భాగం మీదుగా పోతుంది. అందుకే సందేహంలో ఉన్నప్పుడు ఐమూలగానే. నెట్ అంచుకు పైన దొరికిన బంతినే దాడికి ఎంచుకోవాలి, కిందున్నదాన్ని ఎంత విసుగొచ్చినా డింకే చెయ్యాలి. దాడి చేసేటప్పుడు ఖాళీ చోటు వెతకనక్కర్లేదు. కుడిచేతి వాటం ఆటగాడి కుడి భుజం, చంక ప్రాంతానికి కొడితే ఫోర్‌హ్యాండా, బ్యాక్‌హ్యాండా అని తేల్చుకునేలోపే మోచెయ్యి ఇరుక్కుపోతుంది. మీ ప్యాడిల్ మాత్రం ఛాతీ ఎత్తులో, శరీరానికి ముందు, కాస్త బ్యాక్‌హ్యాండ్ వైపు మొగ్గి ఉండాలి. షటిల్‌లో తలమీద ఎత్తి పట్టే అలవాటు ఇక్కడ అర సెకను ఆలస్యం.

ఎగిరి స్మాష్ కొట్టి కిచెన్‌లో దిగడం షటిల్ వాళ్ల మరో సంతకం. వాలీ కొట్టిన ఊపుకు పాదం గీత తాకినా ఫాల్టే, బంతి అప్పటికే చచ్చిపోయినా సరే. బౌన్స్ అయిన బంతి కోసం లోపలికి ఎన్నిసార్లైనా వెళ్లొచ్చు, నిషేధం వాలీకే.

డబుల్స్‌లో జోడీ కదలిక గురించి చెప్పాలంటే పెళ్లి తంతే గుర్తొస్తుంది. ఏడడుగులు ఎలాగూ ఉన్నాయి, కొంగుముడి కూడా వేసుకున్నట్టు కదలాలి. ఒకరు పక్క గీత వైపు జరిగితే రెండోవారు అంతే దూరం అటే జరగాలి. ఒకరు వెనక్కి వెళ్తే రెండోవారూ. నలుగురూ కుడిచేతి వాటం వాళ్లయితే మధ్య బంతి సాధారణంగా ఎడమ వైపు నిలబడినవారి ఫోర్‌హ్యాండ్‌ది. ఆట మొదలవకముందే ఇది మాట్లాడుకోవాలి.

లాబ్ తలపై నుంచి వెళ్లినప్పుడు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ చూడకండి. పక్కకు తిరిగి పరుగెత్తాలి. వెనక్కి పడి చెయ్యి ఆనించినప్పుడే మణికట్లు విరుగుతాయి. షటిల్ రాకెట్ 80, 90 గ్రాములుంటే ప్యాడిల్ 220 గ్రాముల చుట్టూ ఉంటుంది. మొదటి నెల మోచెయ్యి నొప్పికి ఆ బరువును మణికట్టుతో ఊపడమే తరచూ కారణం. కొనేటప్పుడు 16 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే అదుపు, 13 లేదా 14 అయితే విసురు. కొత్తవాళ్లకు మొదటిదే నయం. ఆరుబయట 40 రంధ్రాల బంతి వాడతారు. మే నెల ఎండలో అది మెత్తబడి ఆట తీరే మారుతుంది, పగులు పడితే దారి తప్పుతుంది. మధ్యమధ్య వేలితో నొక్కి చూసుకోవాలి.

2025లో కేంద్ర క్రీడాశాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌కు జాతీయ సమాఖ్య గుర్తింపు ఇచ్చింది, సమంత లాంటి తారలు అంతకుముందే లీగ్ జట్లు కొన్నారు. ఊపు బాగానే ఉంది. సాధనే లేదు. గంటకింత అని కోర్టు అద్దె కట్టినవాళ్లు ఒక్క నిమిషం కూడా వృథా కాకూడదని ఆటమీద ఆట ఆడేస్తారు. ఆటలో మూడో షాట్ మీ వంతుకు వచ్చేది పదో పన్నెండోసార్లు. నలుగురూ ఒప్పుకుని మొదటి 20 నిమిషాలు పక్కన పెడితే ఆ షాటే వందసార్లు పడుతుంది. దానికి 7-11 అనే పందెం బాగుంటుంది. సగం కోర్టులో ఒకరు కిచెన్ గీత మీద, ఒకరు బేస్‌లైన్ దగ్గర. గీత మీదున్నవాళ్లు బంతి లోతుగా వేసి మొదలుపెడతారు, వెనకున్నవాళ్లు డ్రాపులు, రీసెట్లతో ముందుకు రావాలి. గీత మీదున్నవాళ్లకు గెలవడానికి 11 పాయింట్లు కావాలి, వెనకున్నవాళ్లకు 7 చాలు. తర్వాత చోట్లు మార్చుకోవాలి. వెనక నుంచి ఆడి 7 కూడా చేరలేకపోతే ఆ వారం స్మాష్ ప్రాక్టీస్ మానేసి మళ్లీ డ్రాపే.