మహారాజశ్రీ యాంప్లిఫయర్ గారికి

ఆర్యా,

ఉభయకుశలోపరి. మీరు మా అటక దిగి రామాలయంలో కొలువుకి చేరారని మా అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. బ్యాండులో మీతో కలిపి అయిదుగురం. మిగతా నలుగురిలో ఒక్కడికీ సంగీతంలో ఉద్యోగం దొరకలేదు. మీకు దొరికింది. అదీ కూర్చున్న చోటికి వచ్చి తీసుకెళ్ళారట.

మీరు మా ఇంటికి వచ్చింది 2015లో, పుష్కరాల ఏడాది. ఊరు ఊరంతా గోదావరి రేవుల వైపు వెళ్తుంటే మేం నలుగురం రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి మిమ్మల్ని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాం. ముప్పై వాట్లు. పది అంగుళాల స్పీకరు. ముందు గుడ్డ మీద ఎవరిదో టీ మరక. అమ్మినాయన "చిన్న గుర్రు ఉంటుందండి, ఎర్తు ఇస్తే పోతుంది" అన్నాడు. నలుగురం విన్నాం. నలుగురం మర్చిపోయాం.

బ్యాండు పెట్టామని ఇంట్లో చెబితే మా నాన్నగారు "సన్నాయి ఎవరు?" అన్నారు. ఆయన తప్పేం లేదు. మావైపు బ్యాండంటే పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచే మేళమే. రాక్ బ్యాండని విడమర్చి చెప్పాక ఇంకా కంగారుపడ్డారు. బ్యాండు పేరు ఇక్కడ రాయడం లేదండి. ఏడేళ్ళలో పదకొండు పేర్లు మార్చాం, పన్నెండోది ఇప్పటికీ చర్చలోనే ఉంది.

రిహార్సల్స్ మా కొబ్బరి గోడౌన్లో. చప్పుడు బయటికి పోకుండా గోడలకి పీచు పరుపులు కొట్టాం. చప్పుడు ఆగిందో లేదో గానీ ఎలకలు మాత్రం బయటికి పోయాయి. మా సంగీతాన్ని మా అమ్మ మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఇక సముద్రపు గాలికి గిటారు తీగలు రెండు మూడు వారాలకే తుప్పు పట్టేవి. కొబ్బరి నూనె రాస్తే తుప్పు ఆగుతుందని ఎవరో చెబితే రాశాం. ఆ నెల నేను ఏ తీగ పట్టుకున్నా చేప పట్టుకున్నట్టే జారిపోయేది.

అసలు విషయం మీ గుర్రు. గోడౌన్లో ఉన్నది రెండు పిన్నుల సాకెట్టు, మీది మూడు పిన్నుల ప్లగ్గు. బేసు గిటారువాడు పటకారు పెట్టి పై పిన్ను విరిచేశాడు. ఎర్తు అంటే ఆ పై పిన్నేనని వాడికీ తెలీదు, మాకూ తెలీదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపంతా మీ నోట్లోంచి వచ్చేది. బేసు గిటారు లావు తీగ మీద మూడో మెట్టు నొక్కితే జీ అనే స్వరం పలుకుతుంది. అది సెకనుకి 49 సార్లు. అంటే మీరు జీకి ఒక్క పిసరు పైన గుర్రు పెట్టేవారు. మీతో పోట్లాడలేక మా పాటలన్నీ జీ స్కేలుకి మార్చేశాం. అయినా ఆ పిసరు అలాగే ఉండేది. విన్నవాళ్ళు మాకు శ్రుతి లేదనేవారు. మేం మీకు లేదనేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ బ్యాండులో ఏనాడూ శ్రుతి తప్పనిది మీరొక్కరే. మిమ్మల్ని శ్రుతి చేసింది మేం కాదు, కరెంటువాళ్ళు.

ఎర్తు గొయ్యికి కావలసింది ఒక ఇనప గొట్టం, కాస్త ఉప్పు, కాస్త బొగ్గు. నేల తడిగా ఉంటే ఇంకా మంచిది. మాది మూడడుగులు తవ్వితే నీరూరే నేల. ధవళేశ్వరం దగ్గర గోదావరికి అడ్డంగా 1847లో పని మొదలుపెట్టి 1852కల్లా ఆనకట్ట లేపారు. అయిదేళ్ళు! దాని కింద కాలువగట్టున కూర్చుని ఏడేళ్ళలో మేం ఒక్క గొయ్యి తవ్వలేకపోయాం. బద్ధకం అనకండి. గొయ్యి తవ్వితే గుర్రు పోతుంది. గుర్రు పోతే మా వాయింపు ఉన్నదున్నట్టు వినపడుతుంది. అంత రిస్కు ఎవరు తీసుకుంటారండీ?

మన మొదటి పెద్ద షో కనుమ నాడు, తీర్థంలో, అంటే జాతరలో. కోనసీమలో పేరుపడ్డ జగ్గన్నతోట ప్రభల తీర్థం కాదులెండి, అంత భాగ్యం ఎక్కడిది. ఆ దగ్గర్లోనే ఒక చిన్న ఊరు. వెదురుతో కట్టి భుజాల మీద మోసే ప్రభలు చేలకి అడ్డంపడి వచ్చి చేరాయి, జనం విరగబడ్డారు. రాత్రి పదింటికల్లా మైకులు కట్టేయాలని 2000 నాటి రూలు. మాకిచ్చిన టైము తొమ్మిదీ నలభై అయిదు. మేం మీకోసం సాకెట్టు వెతుకుతుంటే స్టేజీ వెనక డప్పులవాళ్ళు గడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటున్నారు. ఒక పెద్దాయన డప్పుని మంట మీద తిప్పి, వేలితో ఒకసారి టంగుమని తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, చాలదన్నట్టు మళ్ళీ మంటకి చూపించాడు. రెండు నిమిషాలు. లేచి వెళ్ళిపోయాడు. ప్లగ్గు లేదు, పిన్ను లేదు. వాళ్ళు నలుగురు కొట్టిన దెబ్బకి మీ ముప్పై వాట్లు దోమ పాటలా వినపడ్డాయి. మా డ్రమ్స్‌వాడు తన కిట్టు వైపు చూసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పదికి అయిదు నిమిషాలుందనగా కనెక్షన్ దొరికింది. ఒక పాట కొట్టాం. కింద నుంచి "సినిమా పాట ఏదన్నా వేయండి బాబూ" అన్నారు. "వేయండి" అన్నారు చూడండి, అక్కడే అర్థమైపోవాలి మాకు.

మన వైభవమంతా భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టులో. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి, నరసాపురంలో దిగి వెళ్ళాం. పంటు మీద మీ పక్కన ఒక చూడి గేదె నిలబడింది. దారంతా మీ ముందు గుడ్డ నాకుతూనే ఉంది. టీ మరక కొంత పలచబడింది కూడా. రేవులో టికెట్టు కొట్టే ఆయన "టీవీయా, ఫ్రిజ్జా?" అని అడిగాడు. పాటలు పాడే పెట్టె అంటే లగేజీ కొట్టాడు.

ఆ సాయంత్రం మూడో పాట మధ్యలో ఉన్నట్టుండి గ్రౌండంతా సెల్లు లైట్లు వెలిగాయి. వెయ్యి లైట్లు ఉంటాయి. మేం పొంగిపోయాం. తర్వాత తెలిసింది, కరెంటు పోయింది. మీరు ఆగిపోయారు, మైకు ఆగిపోయింది. డ్రమ్స్‌వాడికి మాత్రం ఆపాలని తోచలేదు. మా పాటవాడు స్టేజీ అంచుకి వచ్చి వట్టి గొంతుతో అందుకున్నాడు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు బయటపడే బురద గురించిన పాట అది. చరణం రెండోసారి వచ్చేసరికి ముందు వరసల్లో కుర్రాళ్ళు తిరిగి పాడారు. నిజంగానే పాడారండి. నాలుగు నిమిషాలు. మీరు నోరు మూసుకున్న ఆ నాలుగు నిమిషాలే మా బ్యాండు చరిత్ర మొత్తం. తర్వాత జనరేటరు వచ్చింది. గుంయ్‌మని మీరూ వచ్చారు. జనం టీ తాగడానికి వెళ్ళారు.

ఇక తగ్గుముఖం సంగతి త్వరగా చెప్పేస్తాను. 2022 మేలో మా పాట యాప్‌ల్లో పెట్టాం. ఆ నెల్లోనే అమలాపురం గొడవల వల్ల కోనసీమలో కొన్నాళ్ళు నెట్ ఆపేశారు. పాట ఎవరూ వినకపోవడానికి అంత గట్టి సాకు మాకు మళ్ళీ దొరకలేదు. నెట్ వచ్చాకా వినలేదనుకోండి. ముప్పై సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్కట. మా పాటలో మొదటి నలభై సెకన్లు మీ గుర్రే. దానికి మేం ఆంబియన్స్ అని పేరు పెట్టుకున్నాం. ఏడాదిలో వెయ్యిసార్లు వినని పాటకి పైసా కూడా ఇవ్వబోమని 2024లో ఒక పెద్ద యాప్ రూలు తెచ్చింది. మేం ఆ రూలు అంతకుముందు నుంచే పాటిస్తున్నాం.

పాట పెట్టిన 2022లోనే, జూలైలో వరద. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిందని టీవీలో చెబుతుంటే మా గోడౌన్లోకి నీళ్ళొచ్చేశాయి. మిమ్మల్ని బేసువాడు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతులో నడిచి మా ఇంటి అటక ఎక్కించాడు, కురిడీ కాయల మధ్య. కాయలు ఎండాయి, ఒలిచారు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి వెళ్ళిపోయాయి. మీరు అక్కడే ఉన్నారు.

బ్యాండు ఎప్పుడు పోయిందంటే తేదీ చెప్పలేను. డబ్బు తగాదా రాలేదు, రావడానికి డబ్బు లేదు. పాటవాడు దుబాయ్ వెళ్ళాడు. డ్రమ్స్‌వాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. బేసువాడు చెరువులు తవ్వించాడు, గొయ్యి తవ్వనివాడు నాలుగెకరాలు తవ్వించాడు. నేను కాకినాడలో రొయ్యల మేత అమ్ముతున్నాను. వాట్సాప్ గ్రూపు ఉంది. అప్పట్లో కౌంటంటే డ్రమ్స్‌వాడు పుల్లలు కొట్టి వన్ టూ త్రీ ఫోర్ అనడం. ఇప్పుడు కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలని. మొన్న గ్రూపులో "వంద కౌంట్ ఎంత?" అని మెసేజ్ వస్తే అరక్షణం గుండె ఆగింది, మళ్ళీ మొదలుపెడుతున్నామేమోనని.

పాటవాడికి మాత్రం ఆశ చావలేదు. కలకత్తాలో 1975లో మొహీనేర్ ఘోడాగులి అనే బ్యాండు పుట్టింది, ఆరేళ్ళకి ఆగిపోయింది, తొంభైల్లో కుర్రాళ్ళు ఆ పాటలు మళ్ళీ ఎత్తుకున్నారు, మనకీ అలాగే అవుతుందంటాడు. వాళ్ళకి పాటలున్నాయిరా అంటే వినడు. 2027 పుష్కరాలకి ఒక్క షో చేద్దామంటున్నాడు. పుష్కరానికోసారి అన్న మాట తెలుగులో ఉండబట్టి మాకు ఆ మాత్రం పరువు దక్కింది.

మీ కొత్త ఉద్యోగం సంగతి కూడా విన్నాను. మిమ్మల్ని దించిన రోజే గుడి కమిటీ వాళ్ళు ఎలక్ట్రీషియన్ని పిలిపించి, ప్లగ్గు మార్పించి, ధ్వజస్తంభం పక్కన ఎర్తు గొయ్యి తీయించారట. ఒక్క పూట పని. గుర్రు పోయిందట. గరగర పెంచే గెయిన్ నాబ్ మాత్రం తిరగడం లేదట. తిరగదు లెండి, వణికి జారిపోతోందని ఫుల్లులో పెట్టి బంక పోసింది మా బేసువాడే. అందువల్ల ధనుర్మాసం పాశురాలు మా ఊళ్ళో ఇప్పుడు హెవీ మెటల్లో వినపడుతున్నాయి. పంతులుగారికి గొంతు పోయిందని ఇంటికొక గ్లాసు మిరియాల కషాయం పంపుతున్నారట. ఆయన పాపం అన్నీ తాగుతున్నారు.

అమ్మ ఫోను కిటికీ దగ్గర పెట్టి నాకు వినిపించింది. తర్వాత "అచ్చం మీ పాటలాగే ఉందిరా, కాకపోతే మాటలు తెలుస్తున్నాయి" అంది.

ఇట్లు,
తమ విధేయుడు,
లీడ్ గిటారు

తా.క. విరిగిన పిన్ను నా గిటారు సంచీలో దొరికింది. కావాలంటే సంక్రాంతికి వచ్చినప్పుడు తెస్తాను.